పడుకోబెట్టిన బిళ్ళలు

పదకొండో బిళ్ళ సొరుగులో పడింది. పొద్దున్న ఏడు కూడా కాలేదు, అప్పుడే ఆమె మెడ పట్టేసింది. కిటికీ అవతల మనుషుల వరస గేటు దాకా ఉంది. మరమ్మతుల కోసం రియాక్టరు ఆపేసిన రోజులివి. యంత్రం ఆగిందంటే చూసేవాళ్ళకి అంతా ఆగినట్టే ఉంటుంది కానీ, ఊడ్చేవాళ్ళకీ తుడిచేవాళ్ళకీ ఊపిరి సలపని పని అప్పుడే మొదలవుతుంది.

లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ అగ్గిపెట్టెంత బిళ్ళ ఒకటి చొక్కాకి తగిలించుకోవాలి. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో ఆ బిళ్ళ పట్టి ఉంచుతుంది. నెలాఖరున యంత్రంలో పెడితే అంకె చెబుతుంది. ఏడాది మొత్తం కలిపి పదిహేను మిల్లీసీవర్టులు దాటిన కూలీకి ఆ ఏడాదికి ఇక పని లేదు. కాంట్రాక్టరు ఆ పేరు కొట్టేసి ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. బిళ్ళలు ఇవ్వడం, తీసుకోవడం, అంకెలు రిజిస్టరులో ఎక్కించడం ఆమె పని. అందుకే అందరికీ ఆమె బిళ్ళలమ్మ.

"బిళ్ళలమ్మా, నాది ఇవాళ పడుకోబెట్టు," అన్నాడు వరసలో ఉన్న పొడుగాయన, కిటికీలోకి వంగి.

"జోల కూడా పాడమంటావా?" అన్నారు వెనకనించి ఎవరో.

"నువ్వు పాడకు బాబూ, ఉన్న బిళ్ళ లేచి పారిపోతుంది."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే సొరుగు లాగి పన్నెండో బిళ్ళ లోపల పెట్టింది.

పడుకోబెట్టడం వాళ్ళు పెట్టుకున్న పేరు. పంపులుండే గదిని వేడి గది అంటారు. అక్కడ బిళ్ళ తగిలించుకుంటే రెండు నెలలకే పదిహేను నిండిపోతుంది. అందుకని వేడి గదికి వెళ్ళే రోజున బిళ్ళని ఆమె సొరుగులో వదిలి వెళతారు. మనిషి లోపల, బిళ్ళ బయట. మామూలు కూలి రోజుకి ఆరువందలు, వేడి గదికి ఇంకో రెండువందలు. కాంట్రాక్టరుకి తెలియదా అంటే తెలుసు. చూడనట్టు నటించడానికి ఆయనకి జీతం ఇవ్వక్కర్లేదు, ఊరికే చేస్తాడు.

పదమూడో బిళ్ళ పెట్టిన చెయ్యి చూసి ఆమె తల ఎత్తింది. చర్మం కింద నల్లగా కమిలిన మచ్చలు. అన్నయ్య.

"ఇది నేను తీసుకోను," అంది.

"తీసుకో."

"డాక్టరు ఏమన్నాడో వదిన చెప్పింది. రక్తం తగ్గుతోందట కదా. లోపలికి అడుగు పెట్టొద్దన్నాడట కదా."

"డాక్టరు మా ఇల్లు నడుపుతాడా? వెనక జనం ఉన్నారు, తొందరగా కానీ."

"అన్నయ్యా..."

"మూడేళ్ళ కిందట నేను అడిగితే మారు మాట్లాడకుండా తీసుకున్నావు. ఇవాళ కొత్తగా నీతులేంటే?"

నిజమే. సొరుగులో మొట్టమొదట పడుకున్న బిళ్ళ అన్నయ్యదే. అప్పటికి పద్నాలుగు దాటాడు, ఏడాది నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆమెకి ఆరో నెల. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన చెల్లెలికి, కాళ్ళరిగేలా తిరిగి ఈ కిటికీ వెనక కుర్చీ ఇప్పించినవాడు కిటికీ ముందు నిలబడి అడిగితే కాదంటుందా? ఉపకారం అనుకుంది. ఒకరికి చేసిన ఉపకారం పదిమందికి తెలిసింది, పది నలభై అయింది.

తీసుకుంది.

*

తొమ్మిదింటికి భద్రతాధికారి నవ్వుకుంటూ వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"సాయంత్రం టౌను హాల్లో బహిరంగ విచారణ. రెండో రియాక్టరు వద్దని రాద్ధాంతం చేస్తున్నారుగా. మన కూలీల్లో ఒక్కరు కూడా హద్దు దాటలేదని ఈ లెక్క చదివి వినిపించాలి. నువ్వు చదువుతున్నావు."

"నేనా సార్? నాకు మైకు ముందు నిలబడ్డం..."

"నేను చదివితే కంపెనీ మనిషినంటారు. నువ్వు ఈ ఊరి పిల్లవి, చంటిబిడ్డ తల్లివి. నీ చేత్తో రాసిన అంకెలే. వచ్చే నెల పర్మనెంటు జాబితాలో నీ పేరు కూడా చూశాను నేను."

సిగ్గుపడాలో సంతోషించాలో ఆమెకి తెలియలేదు. బళ్ళో ఉండగా ఒక్కసారీ వేదికెక్కలేదు. ఆయన వెళ్ళాక కాగితం విప్పి పేర్లు చూసుకుంది. నలభై పేర్లు, ప్రతి పేరు ఎదుటా అంకె. అన్నయ్య పేరు ఎదుట ఏడు. పొడుగాయన పేరు ఎదుట ఏడు. ఇన్నాళ్ళూ విడివిడిగా రాసింది కనక కనబడలేదు. ఒక్క కాగితం మీద చూస్తే నలభై మందీ ఒక్క తల్లి కడుపున పుట్టినట్టున్నారు.

ఆ సంగతి ఆమెకంటే ముందే కనిపెట్టిన మనిషి ఇంకొకరున్నారు. మధ్యాహ్నం తనిఖీ అమ్మాయి వచ్చింది. పైనించి పంపితే మూడు రోజులుగా రిజిస్టర్లు తిరగేస్తోంది. పాతికేళ్ళుంటాయి, భుజాన రేడియేషన్ కొలిచే మీటరు.

"అక్కా, ఒక సొరుగు చూడొచ్చా?"

కాదనేలోపే లాగింది. లోపల బిళ్ళలు బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి. అమ్మాయి వాటి మీదికి వంగింది. మీటరు సొరుగులో పెట్టింది. టిక్, టిక్ మంది. తర్వాత వెనక గోడకి ఆనించింది. మీటరు గబగబా చప్పుడు చేసింది.

"ఈ గోడ అవతల ఏముంటుంది?"

"ఉతకాల్సిన బట్టల మూటలండీ. వేడి గదిలో వేసుకున్నవి. లారీ వచ్చేదాకా అక్కడే పడేస్తారు."

"అదీ సంగతి. బిళ్ళలు ఇక్కడ పడుకుని గోడ అవతలి మూటల్ని లెక్కపెడుతున్నాయి. అందుకే అందరికీ ఒకటే అంకె." అమ్మాయి ఆమె కుర్చీ వంక చూసింది. "మీ బిళ్ళ ఏది?"

"నాకు లేదండీ. నేను బయటి మనిషిని కదా."

"ఎన్నేళ్ళుగా ఈ కుర్చీలో?"

"నాలుగేళ్ళు."

"పాప ఉందన్నారు. అప్పుడు కూడా ఇక్కడేనా?"

"తొమ్మిదో నెల దాకా."

అమ్మాయి కలం ఆగింది. "భయపెట్టడానికి చెప్పడం లేదక్కా. బిళ్ళ రోజంతా సొరుగులో ఉంటుంది, మీరు ఎనిమిది గంటలే. అందులో మూడోవంతు మీది. పెద్ద అంకేం కాదు. పాపకి దీనివల్ల ఏదో అయిందనీ, అవుతుందనీ నేను అనను. కానీ మీకు ముందే చెప్పి ఉండాల్సింది. ఈ రిజిస్టరులో వాళ్ళ పేర్లున్నాయి, అంకెలు మాత్రం మీవి."

"మరి వాళ్ళవి?"

"ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదిప్పుడు."

అమ్మాయి తన రిపోర్టులో రాస్తానంది. పైవాళ్ళ బల్లలన్నీ దాటి అది బయటికొచ్చేసరికి ఆరు నెలలవుతుందని కూడా అంది. రెండో రియాక్టరు సంగతి ఈ సాయంత్రమే తేలుతుంది. ఆమె సొరుగు మూసింది. చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి వెళ్ళింది. మూడేళ్ళ కిందట ఇదే కుర్చీలో పాపని మోసిన కడుపు.

*

పాపని వదిన దగ్గర వదిలి పనికి వెళుతుంది ఆమె. సాయంత్రం వెళ్ళేసరికి పాప గుమ్మంలో కూర్చుని గుండీలు డబ్బాలో వేసి గలగలలాడిస్తోంది. బుగ్గలు తడిమింది, కళ్ళ కింది రెప్పలు లాగి చూసింది. పాప విసుక్కుని చెయ్యి తోసేసింది.

వదిన లోపల్నించి ఒక ఉత్తరం తెచ్చింది. కంపెనీ వాళ్ళది. పెద్దాసుపత్రి డాక్టరు అన్నయ్య రేడియేషన్ లెక్క అడిగితే వచ్చిన జవాబు. ఏడాదికి ఏడు మాత్రమే నమోదైంది కనక ఈ జబ్బుకీ మా పనికీ సంబంధం లేదు, వైద్యం ఖర్చు మా బాధ్యత కాదు.

"ఈ అంకె పట్టుకుని తానేమీ చెప్పలేనన్నాడమ్మా డాక్టరు," అంది వదిన. "ఏడేనా? అంత తక్కువా? అక్కడ రాసేది నువ్వే కదా. నీకు తెలిసే ఉంటుంది."

వదిన గొంతులో నింద లేదు. అదే ఆమె ప్రాణాన్ని తోడేసింది. తిట్టినా బాగుండేది. అడ్డంగా తలూపిందో నిలువుగా ఊపిందో తనకే తెలియదు. పాపని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. అన్నయ్య కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటున్నాడు.

తనిఖీ అమ్మాయి చెప్పిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. అన్నయ్య రుద్దడం ఆపలేదు.

"అయితే ఇప్పుడేం చేస్తానంటావు?"

"చదవలేను అన్నయ్యా. ఆ ఏడు వల్లే కదా నీకు వైద్యం లేకుండా పోయింది. ఆ ఏడు రాసింది నేను."

"రాయమంది నేను. చదువు. గొంతు వణక్కుండా చదువు. బిళ్ళలు తీసేశామని తెలిసిందా, నలభై మందినీ రేపే గేటు బయట నిలబెడతారు. నియమం తప్పింది మీరే అంటారు. నలభై ఇళ్ళలో పొయ్యి ఆర్పినదానివవుతావు. నా ఒక్కడి కోసం అంత పని చెయ్యకు."

"నీ ఒక్కడి కోసమేనా?" అంది ఆమె.

అన్నయ్య పాప వంక చూశాడు. చూసి కుళాయి కట్టేశాడు.

*

టౌను హాలు కిక్కిరిసిపోయింది. ఒకవైపు కూలీలు, కాంట్రాక్టరు లారీలో ఎక్కించి తెచ్చినవాళ్ళు. రెండోవైపు రియాక్టరు వద్దన్నవాళ్ళు, ముందు వరసలో టైలరమ్మ. ఆ జట్టుకి పెద్దదిక్కు ఆవిడే. వాళ్ళ బ్యానర్ల అంచులు ఎంత పొందిగ్గా కుట్టి ఉంటాయంటే, తిట్లు కూడా మర్యాదగా కనిపిస్తాయి.

రాజధాని నుంచి వచ్చిన ప్రొఫెసరు తెర మీద బొమ్మలు చూపించాడు. మెత్తటి మనిషి, మెత్తటి మాట. "ఇప్పుడు మనం చేస్తున్నది పరమాణువుని చీల్చడం. రేపు చేయబోయేది కలపడం. సూర్యుడిలో జరిగేది అదే. ఫ్యూజన్. అది చేతికొచ్చిన రోజున పొగ ఉండదు, వేల ఏళ్ళు కాపలా కాయాల్సిన చెత్త ఉండదు. ఈ పిల్లలు పెద్దయ్యేసరికి రావచ్చు. అందాకా మనకి ఈ రెండో రియాక్టరు కావాలి."

తెర మీద బంగారు రంగు వలయం వెలుగుతోంది. వదిన ఒళ్ళో పాప నోరు తెరుచుకుని చూస్తోంది. బిళ్ళలమ్మకి కూడా ఒక్క నిమిషం గుండె తేలికైంది. నిజంగా వస్తే ఎంత బాగుండు అనుకుంది. ఆయన మోసగాడు కాడు, మాటలు వింటేనే తెలుస్తోంది.

టైలరమ్మ లేచింది. "బాగుంది సార్. వెక్కిరింపు కాదు, నిజంగానే బాగుంది. ఒక్క సందేహం. ఆ సూర్యుడి చుట్టూ ఊడ్చేదెవరు?"

హాలంతా నవ్వింది. ప్రొఫెసరు నవ్వలేదు. "మంచి ప్రశ్నమ్మా. అక్కడా లోపలి గోడలకి కొంత రేడియేషన్ అంటుకుంటుంది. దీనంత కాదు. చాలావరకు యంత్రాలే చేస్తాయి. మనుషులు అవసరం పడకపోవచ్చు."

"పడకపోవచ్చు! ఇక్కడ పునాది వేసిన రోజునా ఇదే మాటన్నారు సార్. ఆ రోజు తోరణాలు కుట్టింది నేనే, కూలి కూడా తీసుకున్నాను. ఇప్పటికీ ఆ డబ్బు గుర్తొస్తే సిగ్గేస్తుంది."

భద్రతాధికారి చటుక్కున మైకు అందుకున్నాడు. "మాటలెందుకు, లెక్కలున్నాయి. ఊడ్చేవాళ్ళ లెక్కే వినండి. చదివేది మీ ఊరి ఆడపడుచు."

ఆమె మెట్లెక్కింది. కాగితం విప్పింది. మొదటి పేరు చదివింది. తన గొంతు హాలు చివరిదాకా వెళ్ళి తిరిగి తన చెవిలోకే వచ్చింది. "ఏడు" అంది. రెండో పేరు. "ఏడు." మూడోది అన్నయ్య పేరు.

పేరు వచ్చింది. అంకె రాలేదు. కింద అన్నయ్య కళ్ళెత్తకుండా చేత్తో సైగ చేస్తున్నాడు, చదువు, చదువు అని. వాడి పక్కన పొడుగాయన. పొద్దున నవ్విన ముఖాలన్నీ ఒక్క వరసలో ఉన్నాయి. వీళ్ళ రేపటి కూలి తన నాలుక మీద ఉంది. వీళ్ళ ఒంట్లో ఏం చేరిందో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నాలుగు గోడల మధ్య, తన చేత్తో, రోజూ జోకొట్టి నిద్రపుచ్చింది కూడా తనే. ఏ మాట మాట్లాడినా తప్పే. మిగిలింది ఒక్కటే, ఇంకో తప్పుడు అంకె చదవకపోవడం.

"చదవను," అంది.

అధికారి దగ్గాడు. "కళ్ళజోడు కావాలా అమ్మా?"

"కనపడుతోంది సార్. ఈ అంకెలు వీళ్ళవి కావు. వీళ్ళు వేడి గదిలో ఉన్నప్పుడు బిళ్ళలు నా సొరుగులో ఉన్నాయి. పెట్టింది నేనే. మూడేళ్ళుగా. వీళ్ళకి ఎంత తగిలిందో ఎక్కడా లేదు. ఇది నేను కూర్చునే చోటి అంకె. ఇందులో నాదీ, నా కూతురిదీ..."

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో తెలియలేదు. మైకు లేకుండా ఆమె గొంతు చిన్నది, ముందు వరసలు దాటి పోలేదు. కానీ అప్పటికే వెళ్ళాల్సినంత దూరం వెళ్ళింది. టైలరమ్మ గెలిచినట్టు చూడలేదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. కూలీలు నలభై మందీ తమ చెప్పుల వంక చూసుకుంటున్నారు. కాంట్రాక్టరు వెనక గోడ దగ్గర లేచి నిలబడి వాళ్ళ తలలు లెక్కపెడుతున్నాడు.

వదిన ఆమె వంక చూడటం లేదు. మొగుడి వంక చూస్తోంది.

అన్నయ్య లేచాడు. పొడుగాయన వాడి చొక్కా పట్టుకుని లాగితే విదిలించుకున్నాడు. కుర్చీల మధ్య నించి పక్కకి జరుగుతూ, ఒకరి మోకాలు తగిలి తూలి, నిలదొక్కుకుని, ఎడమవైపుకి నడవడం మొదలుపెట్టాడు. వేదిక మెట్లూ, బయటికి పోయే తలుపూ రెండూ ఆ వైపే ఉన్నాయి. ఆమె చేతిలోని కాగితం దించి, వాడి పాదాల వంకే చూస్తూ నిలబడింది.