ఇరవైనాలుగు పైవాళ్ళు

ఆనకట్ట కాలనీకి పడమట, కంకర గుట్టల అవతల, ఆఫీసర్లు గోల్ఫు ఆడుకునే మైదానం ఒకటుండేది. తొమ్మిది గుంతలు. పచ్చిక ఉండేది వానాకాలం రెండు నెలలే. మిగతా కాలమంతా ఎర్రమట్టీ, నాపరాయి పెచ్చులూ. గుంత చుట్టూ గడ్డి పెరగదు కాబట్టి కృష్ణ ఇసకలో లారీల వాడేసిన ఇంజనాయిలు కలిపి గుండ్రటి మళ్ళు చేశారు. రోజూ పొద్దున్నే వాటిని చెక్కపలకతో చదును చేసే పని నాది. యాభై ఏడులో చేరాను. అంతకు ముందు ఏడే నా భార్య తిరుపతమ్మ పోయింది. పిల్లల్లేరు. మైదానం పక్కనే గుడిసె వేసుకుని ఉండేవాణ్ణి.

సంఘం పుట్టింది యాభై ఎనిమిది మాఘంలో. కారణం ఆఫీసర్ల నవ్వులే. తొమ్మిది గుంతలూ రెండుసార్లు తిరిగి, బాగా ఆడేవాడు డెబ్భైరెండు దెబ్బల్లో ముగించే ఆటని రానివాడు వంద దాటిస్తాడు. ఆ ఎక్కువైన దెబ్బల్లో ఇన్ని మాఫీ అని ముందే ఒప్పుకుంటారు. దాన్ని హ్యాండికాప్ అంటారు. ఆట ఎంత రాకపోతే అంకె అంత పెద్దది. పెద్ద అంకెలవాళ్ళు బంతి కొడుతుంటే వెనకాల ఆఫీసర్లు గడియారాలు చూసుకునేవాళ్ళు, దగ్గేవాళ్ళు, నవ్వేవాళ్ళు. కాలనీ హైస్కూల్లో డ్రాయింగు చెప్పే అబ్రహాము మేస్టారు ఒకనాడు కర్రలు కిందపెట్టేసి, గురజాల గవర్నమెంటు డాక్టరు ప్రభాకరరావుగారితో, "మనకి మనం ఒకటి పెట్టుకుందామండీ" అన్నాడు. నరసరావుపేట నుంచి ఒక నూనెమిల్లు ఆయనా, మాచర్ల నుంచి ఇద్దరు ప్లీడర్లూ, ఇంకా కొందరూ కలిశారు. పధ్నాలుగు మంది. ఆదివారం పొద్దుటిపూట ఆఫీసర్లు మైదానం వాళ్ళకి విడిచిపెట్టారు.

పేరు పొడుగ్గా పెట్టుకున్నారు. పలనాడు, నరసరావుపేట తాలూకాల ఇరవైనాలుగు పై హ్యాండికాప్ ఆటగాళ్ళ సంఘం. రాళ్ళు కొట్టే కూలీలు మాత్రం చేతగానోళ్ళ సంఘం అనేవాళ్ళు.

రూళ్ళు మేస్టారే రాశాడు. మూడో రూలు గట్టిది. ఎవరి అంకె ఇరవైనాలుగుకి దిగితే వాళ్ళు ఆ రోజుతో సంఘంలో లేనట్టే. ఇంకెప్పుడూ ఆదివారం ఆడకూడదు. వచ్చిన ఆటతో రానివాళ్ళ మధ్య నిలబడటం తప్పని ఆయన మాట. పంపేటప్పుడు మాత్రం మర్యాదగా పంపేవాళ్ళు. తంగేడుపూల దండ వేసి, సోడా తాగించి, చప్పట్లు కొట్టేవాళ్ళు. మొదట పోయింది ఒక జూనియర్ ఇంజనీరు. దండ మెళ్ళో వేసుకుని, "ఇంకొక్క ఆదివారం రానీయండి మేస్టారూ" అని బతిమాలాడు. మేస్టారు తల అడ్డంగా ఊపాడు.

ఆ ఇంజనీరు పోతూ పోతూ పట్టు వదిలిన ఇనప కర్ర ఒకటి నాకిచ్చాడు. గోనెపీచు చుట్టి బిగించుకున్నాను. తుమ్మల్లో పోయిన బంతులు ఎట్టాగూ నాకే దొరికేవి. తెల్లవారే వేళ, ఇసక చదును చేయక ముందు, కొడుతూ ఉండేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళు పొద్దున్నే చేసిన పని ఏదైనా వస్తుంది. అది కూడా వచ్చింది.

అరవై నాలుగు నాటికి ఆనకట్ట పని తగ్గుతూ బదిలీలు వచ్చాయి. సంఘంలో నలుగురు మిగిలారు. అయిదుగురు లేకపోతే మైదానం ఇవ్వమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

"చెన్నయ్యని చేర్చుకుందాం. మనం పారేసిన బంతులన్నీ ఈయనకే ఎరుక" అన్నాడు డాక్టరుగారు నన్ను చూపించి.

"ఆట వచ్చా నీకు?" అన్నాడు మేస్టారు.

కర్ర నా చేతికిచ్చారు. నలుగురూ నన్నే చూస్తున్నారు. నేరుగా కొడితే ఏమవుతుందో నాకు తెలుసు. మణికట్టు తిప్పి కొట్టాను. బంతి ముళ్ళలో పడింది.

"ఇంతకన్నా అర్హత ఏం కావాలయ్యా?" అన్నాడు డాక్టరుగారు. నాకు ఇరవైతొమ్మిది వేశారు.

అట్టా ఎందుకు చేశానంటే, ఆదివారం కాక మిగతా ఆరు రోజులూ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. కొన్ని వారాలు నా గొంతు నేనే వినేవాణ్ణి కాదు. ఆదివారం ఆట అయ్యాక రేకుల షెడ్డు కింద బెంచీమీద కూర్చుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటుంటే, డాక్టరుగారు నన్ను కూడా ఎగతాళి చేసేవాడు. "చెన్నయ్య ఇవాళ ఎనిమిది బంతులు నాటాడు, వానలు పడితే మొలుస్తయ్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు అది చాలు.

నాకెప్పుడూ మేస్టారే జోడీ. ఆయన అంకె ముప్ఫైఆరు, అందరికన్నా పెద్దది. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నేనూ అంతే. ఆయన భార్య రాహేలు రెంటచింతలలో టీచరమ్మ. అక్కడే ఉండేది. ఎందుకు విడిగా ఉన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తొమ్మిది గుంతలూ తిరిగే లోపల ఆయన అనేది నాలుగు మాటలు. ఎండ ఎక్కువైంది, నీ బంతి అక్కడ పడింది, అట్టాంటివి. రెండేళ్ళు అట్టా నడిచాం. ఆయనకి అటో ఇటో ఒకటి రెండు దెబ్బల దూరంలో ఉండేటట్టు నేను చూసుకునేవాణ్ణి. అరవై అయిదులో ఆయన నన్ను రెండుసార్లు గెలిచాడు. గెలిచిన రోజు కళ్ళద్దాలు తీసి చానాసేపు తుడుచుకున్నాడు.

అరవై ఆరు సంక్రాంతి దాటాక చూసుకుంటే ముగ్గురమే. డాక్టరుగారూ, మేస్టారూ, నేనూ. ఆఫీసువాళ్ళు కూడా లెక్క అడగటం మానేశారు. ఏటా ఒక ఇత్తడి చెంబు ఉండేది, గెలిచినవాళ్ళ పేరు దానిమీద చెక్కించేవాళ్ళు. ఆ ఏడు చెంబుకి మేస్టారికీ నాకూ పోటీ పడింది. డాక్టరుగారు షెడ్డు కింద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

ఆరో గుంత అయ్యేసరికి మేస్టారు మూడు దెబ్బలు ముందున్నాడు. ఏడో గుంత కాడికి, రోజూ ఆ పక్క మేకలు మేపే పుల్లమ్మ వాటిని తోలుకొచ్చింది. ఆమెకి మా ఆటంటే మొదట్నుంచీ వేళాకోళమే.

"ఏందన్నా, మేకలకి అడ్డం కొడతన్నావ్?" అంది నాతో. బంతిని రాళ్ళలోకి కొట్టాను. పుల్లమ్మ మేస్టారి వంక తిరిగింది. "మా చెన్నయ్యన్నకి ఇయ్యాల ఏమైంది మేస్టరయ్యా? రోజూ తెల్లారేతలికి ఒక్కడే ఆడతంటాడు. బంతి ఆ గుంతకాడికి గీత గీసినట్టు పోద్ది. మీరుంటే సిగ్గేమో."

మేకలు దాటిపోయాయి. మేస్టారు కర్రమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

"నిజమేనా?"

"నిజమే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చేరక ముందు నుంచే."

"నిరుడు నేను నిన్ను రెండుసార్లు గెలిచాను."

నేను కర్రకి చుట్టిన గోనెపీచు బిగించాను.

"ఆ రెంటి గురించీ రాహేలుకి ఉత్తరం రాశాను" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా మీద జాలా?"

"జాలి కాదు మేస్టారూ. ఆట వచ్చని తెలిస్తే పంపించేస్తారు గదా. ఈ ఆదివారాలు తప్ప నాకింకేం లేవు."

ఆయన జేబులోంచి దెబ్బల లెక్క రాసిన కార్డు తీసి చింపాడు.

"మొదటి గుంత కాడికి పోదాం పద. మొదట్నుంచి ఆడు. కార్డు నేను రాస్తా."

వెనక్కి నడిచాం. మొదటి గుంత కాడ బంతి పెట్టుకుని నిలబడ్డాను. మణికట్టు కాస్త తిప్పితే చాలు, ఇంకో ఏడాది బెంచీమీద కూర్చోవచ్చు. పుల్లమ్మ మాట ఆడమనిషి పరాచికం కింద పోతుంది. తల ఎత్తితే మేస్టారు కళ్ళద్దాలు సర్దుకుని నన్నే చూస్తున్నాడు. నేను ఆడుతుండగా ఒక మనిషి అట్టా నిలబడి చూడటం అదే మొదలు. పుల్లమ్మ చూసింది గానీ, ఆమె మేకల్ని చూసినట్టు చూసింది.

నేరుగా కొట్టాను.

ఆ తొమ్మిది గుంతలూ ఆయన తన బంతి ముట్టుకోలేదు. నా పక్కన నడిచాడు. అయిదో గుంతకి నాపరాళ్ళ మీదుగా ఎత్తి కొట్టాల్సిన చోట ఉంది. బంతి ఇసక మడిలో పడి, గుంతకి అడుగు దూరంలో ఆగింది. మేస్టారు ఊపిరి వదలటం వినపడింది. కార్డులో రాసుకున్నాడు.

మొత్తం నలభై ఒకటి. రెండు సార్లు తిరిగితే ఎనభై రెండు. నా అంకె పది.

షెడ్డు కాడ డాక్టరుగారు కార్డు చూసి మేస్టారి మొహం చూశాడు. "పోనీయండి మేస్టారూ. ఉన్నది ముగ్గురం. రూలు ఇప్పుడు ఎవరి కోసం?"

"నేను రాసిందే అది" అన్నాడు మేస్టారు.

తనే గట్టు దిగి తంగేడుపూలు కోసుకొచ్చి, నారతో కట్టాడు. నా మెళ్ళో వేశాడు. ముగ్గురం సోడాలు తాగాం. ఇద్దరు మనుషుల చప్పట్లు ఎట్టా ఉంటాయో అప్పుడు విన్నాను. మేస్టారు చేయి చాపాడు. నేను ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాను. "చాలా బాగా ఆడావు చెన్నయ్యా" అన్నాడు. కోపం లేదు. అది నాకు ఇంకా కష్టమైంది.

పై ఆదివారం గుడిసె గడపలో కూర్చుని విన్నాను. ఇద్దరు ఆడుతున్న చప్పుడు. దాని పై ఆదివారం ఒక్కరి చప్పుడే. డాక్టరుగారిని నరసరావుపేటకి బదిలీ చేశారని తర్వాత తెలిసింది. ఒక్కడైనా మేస్టారు తొమ్మిది గుంతలూ పూర్తిచేశాడు. రమ్మని పిలవలేదు. నేను పోలేదు.

వేసవి సెలవులిచ్చాక ఆయన రెంటచింతల వెళ్ళాడు. బడి తెరిచాక డ్రాయింగుకి వేరే ఆయన వచ్చాడు. సంఘం రద్దయిందని ఎవరూ కాగితం రాయలేదు. రాయటానికి ఎవరున్నారు?

ఆ జూన్ ఆఖరి ఆదివారం ఇసక మళ్ళు చదును చేశాను. మీద అడుగుజాడ లేదు. ఇప్పుడు నేను ఆదివారం ఆడినా అడ్డం చెప్పేవాళ్ళు లేరనిపించింది. కర్ర తెచ్చుకుని మొదటి గుంత కాడ బంతి పెట్టాను. కొట్టబోయి, మేస్టారు నిలబడ్డ పక్కకి చూశాను.

కాసేపు అట్టాగే నిలబడ్డాను. ఎండెక్కింది. బంతి జేబులో వేసుకుని వచ్చేశాను.