ఉబ్బని చుక్క

నర్సమ్మ మా అమ్మాయి ముంజేతి మీద నీలం పెన్నుతో పది గుర్తులు పెట్టింది. ఒక్కో గుర్తు పక్కన ఒక్కో మందు చుక్క వేసి, సన్నటి సూదిమొనతో గుచ్చీ గుచ్చనట్టు గుచ్చి, పదిహేను నిమిషాలు చెయ్యి కదపొద్దంది. ఏ చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తే ఆ వస్తువు పిల్ల ఒంటికి పడదన్నమాట. మూడోది ఇంటి దుమ్ము, నాలుగోది పిల్లి వెంట్రుక, ఏడోది గోధుమపిండి. నా కళ్ళు ఏడో చుక్కకే అతుక్కుపోయాయి.

మా బతుకంతా ఆ వేళ ఆ చుక్క మీదే ఉంది మరి. అమ్మాయి బ్రెడ్డు బేకరీలో పని చేస్తుంది. రెండేళ్ళు ట్రేలు కడిగి, బ్రెడ్లకి కవర్లు తొడిగి, ఈమధ్యే పిండి కలిపే బల్ల దాకా వచ్చింది. వచ్చిన నెలలోపే తుమ్ములు, కళ్ళ దురద, మెడ మీద దద్దుర్లు. పొద్దున్నే బల్ల దగ్గర నిలబడితే వరసపెట్టి పదిహేను తుమ్ములట. తోటివాళ్ళు తుమ్మెద అని పేరు పెట్టేశారు. బేకరీ మేస్త్రి మాత్రం నవ్వలేదు.

"పిండి పడని మనిషిని పిండి దగ్గర ఉంచితే, రేపు ఊపిరాడకపోతే ఎవరిది పూచీ? నెలాఖరులోగా డాక్టరు కాగితం పట్రా. పిండి కాదంటే బల్ల నీదే. పిండే అంటే కౌంటర్లో కూర్చో" అన్నాడు.

కౌంటరు మాట వినగానే దాని మొహం వాడిపోయింది. పిండి ఎంతవరకు పొంగాలో చెప్పడానికి ఇంట్లో నా చెంప నొక్కి చూపించే పిల్ల అది. "ఇదిగో, ఇంత మెత్తగా ఉండాలమ్మా" అంటుంది. కౌంటర్లో ఏం నొక్కుతుంది?

నాకేమో అది తుమ్మినప్పుడల్లా ఏవేవో ఊహలొస్తాయి. నేను చదివింది ఏడో తరగతి. "చదివింది ఏడు, ఊహించేది డెబ్భై" అంటారు మా ఆయన.

పదిహేను నిమిషాలయ్యాయి. ఏడో చుక్క దగ్గర చర్మం నున్నగా ఉంది. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. "అమ్మా, పిండి కాదు" అంటూ అమ్మాయి నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది.

నర్సమ్మ పదో చుక్క దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ చూసింది.

"ఇది లేవలేదేమిటి?"

"ఏదీ లేవలేదుగా తల్లీ. మంచిదేగా?" అన్నాను.

"మిగతావి లేవకపోతే మంచిదే అక్కా. ఇది లేవకపోతే పరీక్షే చెల్లదు. ఇందులో ఉన్నది హిస్టమిన్. నా చేతికి గుచ్చినా, మీ చేతికి గుచ్చినా దద్దురు లేవాలి. మన పరీక్ష నిజం చెబుతోందో లేదో తెలియడానికే దీన్ని వేస్తాం." అమ్మాయి వైపు తిరిగింది. "ఈ వారంలో సెట్రిజిన్ లాంటి దురద మాత్ర ఏదన్నా వేసుకున్నావా?"

"ఒక్కటీ లేదండీ. మీరు మానేయమన్న రోజు నుంచీ గోక్కుంటూనే ఉన్నా. ఒట్టు."

"మరి డాక్టరుగారితో చెప్పాలి. నీ చర్మానికి ఈ పరీక్ష పనికిరాదని రాస్తారేమో."

అలా రాస్తే బల్ల పోయినట్టే. నోరు మూసుకుంటే నా పరువు దక్కుతుంది, పిల్ల పని పోతుంది.

"నేనే ఇచ్చాను" అన్నాను. "నిన్న సాయంత్రం. పాలల్లో నూరి కలిపాను. మెడ గోక్కుని గోక్కుని నెత్తురు కనిపిస్తుంటే చూడలేకపోయాను."

అమ్మాయి నా చెయ్యి వదిలేసింది. గోడకేసి తిరిగింది.

"పాలు చేదుగా ఉన్నాయన్నాను. గిన్నె మాడిందన్నావు" అంది. అంతే.

పొద్దున బస్సులో నా భుజం మీద పడి, నోరు తెరుచుకుని నిద్రపోయినప్పుడే నాకు తెలుసు, అది మాత్ర మత్తని. అలసిపోయిందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

నర్సమ్మ మాత్రం నన్ను తిట్టలేదు. స్టూలు దగ్గరికి జరుపుకుంది. "మీలాంటి అమ్మలు నెలకి ఇద్దరన్నా వస్తారు. వినండి. మన చర్మం కింద, ముక్కులో, గొంతులో కాపలా కణాలుంటాయి. వాటి కడుపు నిండా సంచులు, సంచుల్లో హిస్టమిన్. పడని వస్తువు తగిలిందా, సంచులు పగులుతాయి. ఆ హిస్టమిన్ వెళ్ళి రక్తనాళాల మీదుండే తన సీట్లలో కూర్చుంటుంది. కూర్చుంటే నాళాలు వెడల్పవుతాయి, నీరు బయటికి ఊరుతుంది, దద్దురు ఉబ్బుతుంది. నరాల మీద కూర్చుంటే దురద, తుమ్ము."

"మరి మాత్ర హిస్టమిన్‌ని చంపేస్తుందా?"

"చంపదు. అదే సీట్లలో తాను ముందే కూర్చుంటుంది."

బడి వదిలేశాక ఒక సంగతి ఇలా నేరుగా నా తలకెక్కడం అదే మొదలు. "అంటే బస్సు రాకముందే కిటికీలోంచి రుమాలు విసిరి సీటు ఆపినట్టా?"

"బస్సు వచ్చాకే విసరాలి కదమ్మా" అంది అమ్మాయి గోడకేసే చూస్తూ. కానీ పెదవి చివర కాస్త వంగింది.

"సరే, బస్సు వచ్చాకే" అన్నాను. "హిస్టమిన్ ఎక్కుతుంది, తిరుగుతుంది, చోటుండదు. నిలబడి పోతుంది. అందుకే పదో చుక్క ఉబ్బలేదు. పిండి నిజంగా ఒంటికి పడకపోయినా ఏడోదీ ఉబ్బి ఉండేది కాదు. నిన్న నేను ఊరంతా రుమాళ్ళు పరిచేశాను."

నర్సమ్మ నవ్వి, రాబోయే వారానికి చీటీ రాసింది. లెక్కేస్తే అది సరిగ్గా నెలలో ఆఖరి రోజు. "ఈసారి ఒక్క రుమాలు కూడా వద్దు. కానీ పెదాలు వాచినా, ఊపిరి బరువైనా పరీక్షని మరిచిపోయి వెంటనే తీసుకురండి. దురదకి మాత్రం ఓర్చుకోండి" అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు నన్నే చూసింది.

ఇంటికొచ్చాక అమ్మాయి సంచిలోంచి మాత్రల రేకు తీసింది. ఎనిమిది మాత్రలున్నాయి. దాచేస్తుందనుకున్నాను. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు."

"నా దగ్గరెందుకే?"

"నీ దగ్గరే" అని స్నానానికి వెళ్ళిపోయింది.

ఆ వారం నేను బతికిన తీరు నాకే తెలుసు. అది గోక్కుంటుంటే గోళ్ళు కత్తిరించాను, చల్లటి తడిగుడ్డ వేశాను. మెడకి చలిగాలి తగిలి ఇంకేం ముంచుకొస్తుందోనని పక్క మీద రెండు బొంతలకి తోడు మా అమ్మనాటి ఉన్ని రగ్గు కూడా కప్పాను. గంటకోసారి దాని పెదాలు చూసేదాన్ని. రేకు పెట్టి తాళం వేసిన బీరువా ముందు మూడుసార్లు నిలబడ్డాను. "తాళం ఇటిస్తావా, మింగుతావా?" అన్నారు మా ఆయన. ఇవ్వలేదు. మింగలేదు. రేకు ముట్టనూ లేదు.

మళ్ళీ అదే గది, అదే నీలం పెన్ను. ఐదో నిమిషానికే పదో చుక్క చుట్టూ ఎరుపు కమ్మింది. మధ్యలో తెల్లగా చిన్న దద్దురు లేచింది.

"లేచింది, లేచింది" అని నేను గోడవారగా కూర్చున్నవాళ్ళకి కూడా చూపించాను. బిడ్డ ఒంటి మీద దద్దురు చూసి ఇంత సంబరపడ్డ తల్లి ఉండదేమో. "సీట్లు ఖాళీగా ఉన్నాయే" అన్నాను. అమ్మాయి పళ్ళు బిగించి నవ్వింది. దానికి దురద పుడుతోంది, గోకకూడదు.

ఎనిమిదో నిమిషంలో ఇంకోటి లేవడం మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను. "ఏడోదేనా? ఏడోదేనా చెప్పు."

"కాదమ్మా. కళ్ళు తెరువు."

మూడోది. ఇంటి దుమ్ము. పదిహేను నిమిషాలయ్యేసరికి పదోదాన్ని కూడా మించిపోయి, గుండ్రంగా పొంగింది. ఏడో చుక్క దగ్గర పెన్ను గుర్తు తప్ప ఏమీ లేదు. నర్సమ్మ చిన్న స్కేలు పెట్టి రెండుసార్లు కొలిచింది.

"పిండి కాదు" అంది. "దుమ్ములో ఉండే పురుగులు. కంటికి ఆనవు. పాత పరుపుల్లో, దుప్పట్లలో ఉంటాయి. పొద్దున పక్క మీంచి లేచి నేరుగా పనికి వెళ్తావా?"

"బల్ల పని వచ్చినప్పటి నుంచీ అంతేనండి. నాలుగింటికి లేస్తే నాలుగున్నరకి బల్ల దగ్గరుంటా. అంతకుముందు బాగా తెల్లారాకే వెళ్ళేదాన్ని."

"అదీ సంగతి. పక్కలో మొదలై బల్ల దగ్గర బయటపడుతోంది. పక్క మీద ఏం కప్పుకుంటావు?"

అమ్మాయి నావైపు తిరిగింది. నేను నేల చూపులు చూశాను. రెండు బొంతలు, ఒక ఉన్ని రగ్గు. నా చేత్తో కప్పినవే.

"మరిగే నీళ్ళలో వేస్తాను" అన్నాను. "రగ్గు మాత్రం ఇంట్లోంచే పంపించేస్తాను."

డాక్టరుగారు కాగితం రాసి, ముక్కులో కొట్టుకునే మందొకటి ఇచ్చారు. వసారాలోకి రాగానే అమ్మాయి మేస్త్రికి ఫోను కలిపింది. అవతలి గొంతు నాకూ వినపడింది.

"పిండి కాదా? కాగితం మీద ఉందా?"

"ఉంది మేస్త్రీ. సంతకం, ముద్ర అన్నీ."

"అయితే రేపు నాలుగున్నరకి. మొదటి పిండి నువ్వే కలుపు, తుమ్మెదా. ఆలస్యమైతే కౌంటరే."

అది ఫోను పెట్టేసి, నా చెంప రెండువేళ్ళతో నొక్కింది. సరిగ్గా పొంగిన పిండిని నొక్కినట్టే. వారం రోజులయింది అది నన్నలా ముట్టుకుని.

"ఇంక వేసుకోవచ్చన్నారు. మాత్ర ఇవ్వమ్మా."

పమిట కొంగులో కట్టుకొచ్చిన రేకు తీశాను. "లెక్కపెట్టుకో. ఎనిమిదీ ఉన్నాయి."

అది లెక్కపెట్టలేదు. రేకు వైపైనా చూడకుండా చెయ్యి చాపింది. నేను ఒక మాత్ర నొక్కి అరచేతిలో వేశాను, నీళ్ళ సీసా మూత తీసిచ్చాను. బస్సులో అది నా భుజం మీద తలవాల్చింది. నేను దాని ముంజెయ్యి ఒళ్ళో పెట్టుకుని, మూడో చుక్క ఎర్రదనం కొంచెం కొంచెంగా తగ్గిపోవడం ఇల్లు చేరేదాకా చూస్తూనే ఉన్నాను.