కొమ్ము అందుకోని చెయ్యి

రేపు పొద్దున్న ఎలెవుతేరియా అమ్మమ్మకు కొత్త పళ్ళు వస్తాయి. దాంతో నీదియా ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్న నవ్వు, ముందరి రెండు పళ్ళు లేక సందులోంచి నాలుక కొన తొంగిచూసే ఆ నవ్వు, ఇక ఉండదు. దాని ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు.

వాళ్ళ ఊరు యాగ్వారోన్‌లో ఎవరింట పెళ్ళయినా ఫోటోలకు నీదియానే పిలుస్తారు. కూతుర్ని సాగనంపుతూ మొహం పక్కకు తిప్పుకున్న తండ్రిని, చర్చి మెట్ల మీద చెప్పు తెగితే పకపకా నవ్విన పెళ్ళికూతుర్ని, వాళ్ళకు తెలియకుండానే పట్టిన చెయ్యి ఆమెది. సొంత అమ్మమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ విద్యంతా అటకెక్కింది.

పొద్దుట్నుంచీ ఒకటే తంతు. కెమెరా కనబడితే చాలు, అమ్మమ్మ లోపలికి వెళ్ళి బంగారు లోలాకులు పెట్టుకుని, మొహానికి పౌడరు అద్దుకుని వచ్చేది. శవపేటికకు కొలతలిస్తున్నట్టు కుర్చీలో బిగుసుకుపోయేది. పెదాలకు తాళం.

"నీ పని నువ్వు చూసుకోమన్నాను కదమ్మమ్మా!"

"చూసుకుంటున్నాగా. ఫోటో దిగడమే ఇప్పుడు నా పని."

పోనీ నవ్విద్దామంటే, నవ్వు వచ్చీ రాకముందే కుడిచెయ్యి నోటికి అడ్డం వచ్చేది. నీదియాకు ఏడుపొక్కటే తక్కువ.

ఎండ ముదిరాక పక్కింటి సిన్ఫొరోసా దంచిన పుదీనా పట్టుకుని వచ్చింది. మామిడిచెట్టు కింద ముగ్గురూ తెరెరే తాగడానికి కూర్చున్నారు. కొమ్ము పాత్రలో ఆకుపొడి, దాని మీద ఫ్లాస్కులోంచి మంచునీళ్ళు. ఒకే కొమ్ము, ఒకే గొట్టం, వంతుల వారీగా తాగడం. పోసేది అమ్మమ్మ. నీదియా కెమెరాను ఒళ్ళో తువ్వాలు కింద దాచింది.

"మొన్నాదివారం మా ఆయన చేసిన పని విన్నావా వదినా?" అంది సిన్ఫొరోసా. ఆమె భర్తకు మాంసం కొట్టుంది. "చర్చిలో కునికిపాట్లు పడుతున్నాడు. గంట మోగింది. ఉలిక్కిపడి లేచి, 'ఎంతిమ్మంటారు?' అన్నాడు!"

అమ్మమ్మ నోరంతా తెరిచి నవ్వింది. సరిగ్గా అప్పుడే కొమ్ము నీదియా చేతిలో ఉంది. వచ్చిన వంతు తాగి తిరిగివ్వాలి గానీ పట్టుకుని కూర్చోకూడదు. ఆమె గబగబా పీల్చి, కొమ్ము ఇచ్చేసి, కెమెరా ఎత్తేసరికి నోటికి చెయ్యి అడ్డం పడింది. రెండో వంతులోనూ అంతే. నవ్వొచ్చిన ప్రతిసారీ కొమ్ము ఆమె చేతిలోనే ఉంది.

విసుగెత్తిపోయి, కొమ్ము తిరిగిస్తూ "గ్రాసియాస్" అనేసింది.

థాంక్స్ అనే ఆ మాట తెరెరే దగ్గర మర్యాదకు అనరు. నాకిక వద్దు, నన్ను వదిలేయండి అని చెప్పడానికే అంటారు.

"రెండు వంతులకేనా?" అంది అమ్మమ్మ. "నేను పోసింది గొంతు దిగట్లేదా?"

"అది కాదమ్మమ్మా, చేతులు ఖాళీగా ఉండాలని..."

"చేతులు ఖాళీగా ఉండాలంటే బజారుకు పో. ఇక్కడెందుకు?"

అంతే, మళ్ళీ తాళం. ఈసారి నవ్వుకే కాదు, మాటకు కూడా. తన నోటిని తనే తిట్టుకుంది నీదియా.

"పిల్లకు శిక్ష వేద్దాంలే వదినా," అని సిన్ఫొరోసా ఫ్లాస్కు తీసి నీదియా ముందు పెట్టింది. "ఇంక నువ్వే పొయ్యి. మేం చాలనేదాకా లేవడానికి లేదు."

గొణుక్కుంటూనే పోసింది నీదియా. సిన్ఫొరోసాకు, తర్వాత అమ్మమ్మకు. అమ్మమ్మ మొహం తిప్పుకునే అందుకుంది. ఆమె తాగుతున్నంతసేపూ నీదియాకు పని లేదు. పోసేవాళ్ళు తాగేవాళ్ళ మొహమే చూస్తూ కూర్చుంటారు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. గొట్టం గరగరమన్నాక అమ్మమ్మ కొమ్మును కుడిచేత్తో చాపింది. నోటికి అడ్డుపడేది ఆ చెయ్యే.

నీదియా కొమ్ము అందుకుని మళ్ళీ పోసింది. ఈసారి అమ్మమ్మ వంతు ముగిసేదాకా ఆగి అడిగింది:

"అత్తా, ఇంతకీ మావయ్య ఆ తర్వాతేం చేశాడు?"

"ఏం చేస్తాడే! నేను మోచేత్తో పొడిచాను. 'ఎముక లేకుండానా?' అని నన్నే అడిగాడు!"

కొమ్ము చాపిన అమ్మమ్మకు కోపం నిలవలేదు. చెయ్యి గాల్లోనే ఉంది. అందుకోవలసినవాళ్ళు అందుకోలేదు. వదిలేస్తే కొమ్ము నేలపాలు. భుజాలు కదిలిపోతుండగా, రెండు పళ్ళ సందులోంచి నాలుక కొన తొంగిచూసింది. తువ్వాలు జారింది. కెమెరా చప్పుడైంది.

"తీసేశావా?" అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏదీ, చూపించు."

చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"లోలాకు తిరగబడింది. పౌడరు చెమటకు కారిపోయింది. చెరిపెయ్. రేపు పళ్ళొచ్చాక మంచిది తీద్దువుగాని."

"రేపు కూడా తీస్తాను."

"మరి ఇదీ?"

నీదియా కెమెరాను మళ్ళీ తువ్వాల్లో చుట్టింది.

"మొండిఘటం," అంది అమ్మమ్మ. "సరే, ముందు ఇది పట్టుకోవే! చెయ్యి పడిపోతోంది ఇక్కడ."