ఖాళీ గడిలో నలభై ఎనిమిది

తలుపు అద్దం భళ్ళున పగిలేసరికి లెక్కలమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ల్యాబులో ఆవిడని అందరూ అలాగే పిలుస్తారు. యంత్రం కొలిచిన అంకెల్ని పట్టికలో పేర్చి, మందు పనిచేస్తోందో లేదో తేల్చేది ఆవిడే. లోపలికొచ్చిన ఆడమనిషి లారీలు బాగుచేసే మెకానిక్కు. చొక్కా నిండా గ్రీజు, చేతిలో చక్రాలు విప్పే ఇనప పానా.

అడ్డం వెళ్ళిన డైరెక్టరు భుజం మీద ఒక్కటి పడింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఇన్నేళ్ళూ అందరిమీదా ఎగిరిపడ్డ మనిషి కుయ్యోమొర్రోమంటూ నేలమీద పడ్డాడు.

"నా మొగుడికి మీ కొత్త మందు సూదులేశారు," అంది మెకానిక్కు, నలిగిన రిపోర్టు బల్లమీద పారేసి. "మొన్న ముక్కులోంచీ నోట్లోంచీ రక్తం కారి కారి నా ఒళ్ళోనే పోయాడు. రక్తం గడ్డకట్టించే ప్రోటీను నలభై ఎనిమిది ఉందని ఇందులో రాశారు. ఉంటే ఎందుకాగలేదు?"

"అది... యంత్రం ఇచ్చిన అంకెండీ," అని నీళ్ళు నమిలింది లెక్కలమ్మ.

పచ్చి అబద్ధం. యంత్రం ఇచ్చింది ఖాళీ గడి. అలాంటివి ఐదొచ్చాయి, ఐదూ మందు వేయించుకున్నవాళ్ళవే. కొలవడం మరిచిపోయి వచ్చిన ఖాళీలు కావవి. యంత్రం కంటికి ఆననంత తక్కువుందని అర్థం. ఆ మాట ఆవిడ డైరెక్టరుతో అంది కూడా. "పట్టిక బోసినోరులా ఉంది, మిగతావాళ్ళ సగటు వేసి నింపెయ్," అన్నాడాయన. రెండు రోజులు గొణిగి, మూడోరోజు నింపేసింది. గొణిగినందుకే తన పాపం కొట్టుకుపోయిందనుకుంది, మహాతల్లి!

మెకానిక్కు పానా ఎత్తి యంత్రాన్ని బాదింది. ఒక దెబ్బకి మూత సొట్టపోయింది, రెండోదానికి లోపలి గొట్టాలు బయటపడ్డాయి. మూడోది లెక్కలమ్మ తలమీదికి లేచింది.

"ఖాళీయే వచ్చింది! నలభై ఎనిమిది నేనే వేశాను!"

పానా గాల్లోనే ఆగింది. "డీజిల్ ముల్లు సున్నా కిందికి పడిపోతే, ట్యాంకు సగం నిండుందని ఎవరైనా రాసుకుంటారా? చెప్పవే!"

 లెక్కలమ్మకి గోడ గడియారం కనబడింది. పదకొండుకి పది నిమిషాలు తక్కువ. ఆ ఐదుగురిలో నలుగురు ఇంకా బతికే ఉన్నారు. పదకొండింటికి వార్డులో వాళ్ళకి మళ్ళీ సూదులు. ఆవిడ ఫోనుకేసి దూకింది.

"చెప్పావంటే ఇద్దరం జైల్లో కూర్చుంటాం!" డైరెక్టరు పాక్కుంటూ వచ్చి ఆవిడ కాలు పట్టి లాగాడు. ఆవిడ నుదురు బల్ల అంచుకి తగిలి చిట్లింది. ఏనాడూ ఎవరిమీదా చెయ్యి చేసుకోని లెక్కలమ్మ, విరిగిన ఆ భుజాన్ని మడమతో తొక్కింది. ఆయన స్పృహ తప్పేదాకా తొక్కింది. తొక్కుతుంటే ఆవిడకి హాయిగా కూడా ఉంది.

వార్డులో నర్సు ఫోనెత్తింది. "ఆ నలుగురా మేడమ్? రిపోర్టులు బాగున్నాయిగా, అందుకే టైమవకముందే వాళ్ళకి మొదలుపెట్టాం. ముగ్గురికి అయిపోయింది. ఇంకొకావిడ బాత్రూంకి వెళ్ళింది."

"ఆవిడకి వెయ్యొద్దు! మిగతావాళ్ళ దగ్గరికి వెంటనే డాక్టర్ని పంపండి. ఆ అంకెలు అబద్ధం. నేను రాసినవి."

"ఎంతమందికి వేసేశారు?" అంది మెకానిక్కు.

"ముగ్గురికి."

పానా దిగింది. లెక్కలమ్మ కుడిచేతి వేళ్ళు బల్లమీద నుజ్జయ్యాయి. 

మెకానిక్కు మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టి, ఫోను ఎడమచేతి వైపు జరిపింది.

"ఆ ముగ్గురి ఇళ్ళకీ నువ్వే చెయ్యి. వాళ్ళ ఒంట్లో ఎంతుందో నీకు తెలియదని చెప్పు. నాకెవరూ చెప్పలేదు."

లెక్కలమ్మ ఎడమచేత్తో మొదటి నంబరు నొక్కింది. అవతల ఎవరో కులాసాగా "హలో" అన్నారు.