నీళ్లకు చెప్పిన కలలు

నేను రెండో తరగతి దాకా చదివాను. అదీ పలక పగిలేదాకే. పలక పగలగొట్టింది మా మేక. అందుకే నాకు చదువు రాకపోవడానికి కారణం మేకేనని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అలాంటి నన్ను పట్టుకుని నా మనవరాలు స్రవంతి కాలేజీలో కవి అని రాసిచ్చింది. ఆ తర్వాత నాకు జరిగిన అవమానంలో మాత్రం ఏ మేక చేయీ లేదు. అది పూర్తిగా నా సొంత కష్టం.

రెండువేల మూడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. స్రవంతి మేడ్చల్‌లో డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. వాళ్ల తెలుగు మేడం పిల్లలందరికీ తలా ఒక పని పంచింది. కలల మీద కవిత్వం చెప్పిన ఒక కవిని తీసుకుని, ఆ కవి బతుకూ, బతికిన కాలమూ ఆ కవిత్వాన్ని ఎలా మలిచాయో ముప్పై పేజీలు రాయమని మా పిల్లకు చెప్పింది. తోటివాళ్లంతా పుస్తకాల్లో ఉన్న కవులను పట్టుకున్నారు. పుస్తకం కొనాలంటే మళ్లీ వాళ్ల నాన్నను అడగాలి కదా, మా పిల్ల ఇంట్లో ఉన్నదాన్నే పట్టుకుంది. మేడం నమ్మలేదు. తానే వచ్చి విని, నిజమనిపిస్తేనే సంతకం పెడతానంది. సంతకం పడకపోతే ఆ పేపరు పోతుంది, పేపరుతో పాటు ఏడాదీ పోతుంది. మా కొడుకు శేఖర్ ముందే చెప్పేశాడు.

"ఏడాది పోతే సదువు బంద్. సూరారంల కంపెనీల పెడ్త. గాడ పనికి ఏ మేడం సంతకం అడగది."

ఇంతకీ నా కవిత్వం ఏమిటో చెప్పలేదు కదూ. చెడ్డ కల వస్తే మనిషికి చెప్పకూడదనీ, పొద్దున లేవగానే నీళ్లకు చెప్పాలనీ మా అమ్మ నేర్పింది. నీళ్లు ఆ కలను తీసుకుపోతాయట. కల విన్న నీళ్లను మాత్రం ఎవరూ తాగకూడదు, ఏదైనా చెట్టు మొదట్లో పారబోయాలి. నాకు చిన్నప్పటి నుంచీ మంచి కలలు తక్కువ. అందుకని నీళ్లతో స్నేహం ఎక్కువైంది.

పెళ్లయి శామీర్‌పేట పక్కన ఈ ఊరికి వచ్చాక మా పొలంలోని బావికి చెప్పుకునేదాన్ని. ఆ బావికి ఒక గుణం ఉండేది. నేను వంగి "నా మనిషి రాలేదు" అంటే అది లోపలి నుంచి "లేదు" అనేది. దాని మాట అయ్యేదాకా నేను ఆగాలి. అది ముగించాక నా తర్వాతి మాట. అలా ఆగి ఆగి చెప్పడంతో నా మాటలకు ఒక నడక వచ్చింది. జనం దాన్ని పాట అన్నారు. సగం బావే పాడేది. పేరు మాత్రం నాకొచ్చింది.

తొంభై అయిదులో బావి ఎండిపోయింది. నాలుగేళ్లకు పూడ్చేశారు కూడా. ఇప్పుడు దాని మీద నలభై ఒకటో నంబరు ప్లాటు ఉంది. తూర్పు ముఖమని గొప్పగా చెప్పుకుంటారు. బావి పోయాక బోరింగుకు చెప్పుకున్నాను. బోరింగు ఆగనివ్వదు. చెయ్యి ఆగితే నీళ్లు ఆగుతాయి, వెనక బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు తిడతారు. కాబట్టి కిర్రు కిర్రుకు ఒక్కో ముక్క చొప్పున గబగబా చెప్పాలి. పైగా ఇప్పుడు వెనక పదిమంది వింటున్నారు. బావి దగ్గర నా కలల్లో ఎద్దులూ వాగులూ ఉండేవి. బోరింగు దగ్గరికొచ్చేసరికి మా అత్త, పక్కింటి జయమ్మ, బిందెల వరస, అన్నీ వచ్చి చేరాయి. తర్వాత బోరింగు కూడా గాలి కక్కడం మొదలుపెట్టింది. పంచాయతీ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. మనిషికి రెండు బిందెలు. రెండు బిందెలు నిండే లోపల ఎంత కల చెప్పగలం? రెండు ముక్కలు. అంతే, నా పాటలూ రెండు ముక్కలకు కుదించుకుపోయాయి.

స్రవంతికి ఇవన్నీ తెలుసు. అవే రాస్తానంది. నేనే వద్దన్నాను.

"గవి నీళ్లకాడి ముచ్చట్లే. కాలేజీల జదివితె నవ్వుతరు," అన్నాను.

"నవ్వనీ అవ్వా. నీకొచ్చిన కలలే జెప్పు."

"జెప్త రాస్కో. మంచియి జెప్త."

ఆదివారం పొద్దున మా వాడంతా జయమ్మ ఇంట్లో టీవీ ముందు కూర్చునేది. దేవుళ్ల సీరియల్ వచ్చేది. అందులో చూసినవన్నీ నా కలలుగా చెప్పేశాను. పాలసముద్రం, వెండి రథం, బంగారు హంస. కవి అన్నాక ఆమాత్రం కల రాకపోతే ఎలా అనుకున్నాను. స్రవంతి పెన్ను మధ్య మధ్యలో ఆగి నా వైపు చూసేది. "ఏందే, రాయి," అనేదాన్ని. ముప్పై పేజీలు నిండాయి.

మేడం వచ్చిన రోజు ట్యాంకరు రావాల్సిన రోజే. కుండలో మిగిలిన నీళ్లు ఒక్క చెంబు. ఎండన పడి వచ్చిన మనిషి కదా, ఆ చెంబు ఆమె చేతికిచ్చి గడపకు ఆనుకుని కూర్చున్నాను. పేరు సుస్మిత. సికింద్రాబాద్ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చెంబు ఒళ్లో పెట్టుకుని కాగితాలు తిరగేసింది.

"అమ్మా, మీ కలలో పాలసముద్రం వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా."

"ఎలా ఉంది?"

"తెల్లగ ఉన్నది." అంతకంటే ఏం చెప్పాలో తెలియక, "జర పల్చగ," అని కలిపాను. మా ఇంట్లో పాలు అలాగే ఉంటాయి మరి.

"హంస ఎలా ఉంది?"

నేను పుట్టి బుద్ధెరిగి హంసను చూడలేదు. శామీర్‌పేట చెరువులో బాతులను చూశాను. "బాతు లెక్కనే ఉంటది మేడం. కాకపోతే సబ్బు బెట్టి తానం జేసినట్టుంటది."

స్రవంతి తల వంచుకుంది. మేడం నవ్వలేదు. కాగితాలు కట్టగట్టి పక్కన పెట్టింది.

"మా ఇంట్లో కూడా టీవీ ఉందమ్మా," అంది. "స్రవంతీ, నువ్వు రాసింది తప్పని నేననను. కానీ ఇందులో కవి లేదు. బతుకు లేదు, కాలం లేదు. నేనెలా సంతకం పెట్టను?"

మా పిల్ల నా మీద నెట్టేస్తే పోయేది. "మా అవ్వనే చెప్పింది" అంటే చాలు. అనలేదు. కాలి బొటనవేలితో నేల గీకుతూ కూర్చుంది. చిన్నప్పుడు దెబ్బ తగిలితే అలాగే చేసేది.

"తప్పు నాది మేడం," అన్నాను. "పోరి నాకొచ్చిన కలలే జెప్పుమన్నది. అసలియి ఉన్నయి. జెప్త."

"చెప్పండి."

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. యాభై ఏళ్ల పాటలు, ఒక్కటంటే ఒక్కటి రాలేదు. నేనెప్పుడూ మనిషి ముఖం చూసి పాడలేదు మరి. ముందు నీళ్లుంటేనే నా నోట్లో మాట పుట్టేది. మేడం కాసేపు చూసి, ఇక అయిపోయిందన్నట్టు చెంబు ఎత్తింది. అది పెదవులకు ఆనబోతుండగా లేచి లాక్కున్నాను. ఇంటికొచ్చిన చుట్టం నోటి కాడ నీళ్లు గుంజుకున్న కవి ఈ జిల్లాలో నేనొక్కతినే అయ్యుంటాను.

"అవ్వా," అంది స్రవంతి భయంగా.

చెంబులోకి వంగాను. నా ముఖం కనిపించింది. పళ్లు లేవు గానీ ముఖం నాదే. పాత బావి గొంతు ఎక్కణ్నుంచో అందింది.

"బాయమ్మ ఇనవె బాయమ్మ ఇనవె
రాత్రి నాకొచ్చిన కలనమ్మ ఇనవె
వాగు దాటంగ నా మనిషి వాయె
వానల ఎడ్లబండి కానరాదాయె
ఎడ్లు రెండొచ్చి ఎనుకకు జూసె
ఎనుకకు జూసిన మనిషి లేడాయె."

ప్రతి చరణం చివరా ఆగాను, బావి పలకడానికి. చెంబు పలుకుతుందా? అయినా ఆగాను. మా ఆయన గండయ్య బండి కట్టుకుని కీసర దాటి పోయిన ప్రతిసారీ వచ్చిన కల అది. ఆయన ప్రతిసారీ తిరిగి వచ్చాడు, అప్పుడప్పుడు తాగి వచ్చాడు. అది వేరే సంగతి.

నేను బావి సంగతి, బోరింగు సంగతి, ట్యాంకరు సంగతి చెప్పాను. ఆమె కాగితం తిప్పి వెనక రాసుకోవడం మొదలుపెట్టింది. రాస్తూ రాస్తూ పెన్ను ఆపింది.

"బాగుందమ్మా. కానీ పొద్దుట నుంచి ఒక అబద్ధం విన్నాను. ఇది కూడా ఇప్పుడే కట్టలేదని ఎలా నమ్మను?"

న్యాయమైన మాట. హంసకు స్నానం చేయించినదాన్ని ఎవరు నమ్ముతారు?

"సరే, ముందు కాసిని నీళ్లివ్వండి," అంది చెంబు వైపు చెయ్యి చాపి.

"ఇవి తాగొద్దు బిడ్డా. కల జెప్పిన."

"ఇంకో గ్లాసు?"

"లెవ్వు."

సరిగ్గా అప్పుడే వీధి చివర ట్యాంకరు హారను మోగింది. మాటలు ఆగిపోయాయి. నేనొక బిందె, స్రవంతి ఒక బిందె, చుట్టమైనా సరే అని మేడం చేతికొక బిందె ఇచ్చి పరుగెత్తించాను. అప్పటికే జయమ్మ ముందు నిలబడి ఉంది. కలలో కూడా నాకంటే ముందుండే మనిషి అది.

"రుక్కక్కా, ఇయ్యాల కల రాలేదా, మూతి ముడుచుకున్నవ్?" అంది.

వచ్చింది. తెల్లవారుజామున వచ్చింది. మేడం హడావిడిలో ఎవరికీ చెప్పలేదు. పైపు నా బిందెలో పడగానే వంగి చెప్పేశాను.

"పూడ్చిన బాయి నన్ను పేరు బెట్టి పిలిసె
లేసి జూస్తె ట్యాంకరు హారను గొట్టె."

వరసలో నవ్వులు లేచాయి. మేడం నవ్వలేదు. బిందె కింద పెట్టి జయమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఈమె రోజూ ఇలాగే చెప్తుందా?"

"రోజూనా? మా పానం దీస్తది మేడం. బోరింగు కాడ నామీదనే కట్టింది." జయమ్మ చేత్తో బోరింగు కొడుతున్నట్టు ఊగుతూ అందుకుంది:

"కిర్రు కిర్రు బోరింగు
నా కల నీకు జెప్పంగ
ఎనుక నిలిసిన జయమ్మ
వంకర నవ్వు నవ్వంగ
అత్త కలలకొచ్చింది
ఆరు బిందెలు ముంచింది
ఏడో బిందెకు వంగితే
ఎండిన బురద మిగిలింది."

పాటలో తనను తిట్టినా ఒక్క ముక్క మరిచిపోలేదు. వెనక ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. "నేనెప్పుడు వంకరగ నవ్విన?" అని జయమ్మ చివర్లో వంకరగానే నవ్వింది. మేడం తడి చేతులతో రాసుకుంటూనే ఉంది, సిరా పాకుతున్నా ఆగలేదు. ట్యాంకరు వెళ్లిపోయాక స్రవంతిని దగ్గరికి పిలిచింది.

"ముప్పై పేజీలూ చింపెయ్యి. బావి ఒక భాగం, బోరింగు ఒక భాగం, ట్యాంకరు ఒక భాగం. వారంలో మళ్లీ రాసి తీసుకురా." పేరు రాసిన పైకాగితం ఒక్కటి స్రవంతి వీపు మీద పెట్టి అక్కడే సంతకం చేసింది. సంతకం ఊగుతోందని విసుక్కుంది. మా పిల్ల ఏడుస్తుండటం వల్ల వీపు ఊగుతోందని ఆమె చూడలేదు.

ఇంటికొచ్చాక కల వినని స్రవంతి బిందెలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి మేడానికి ఇచ్చాను. పాపం, ఎప్పటి నుంచో దూపతో ఉంది. తాగలేదు. గ్లాసు పట్టుకుని మా పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లి, మాకు వీపు తిప్పి, నీళ్లలోకి ఏదో మెల్లగా చెప్పింది. నీళ్లకు చెప్పింది ఇంకొకరు వినకూడదు. నేను విననట్టే నిలబడ్డాను, చెవి మాత్రం అటు పారేసి. రెండే ముక్కలు. ట్యాంకరు కాలపు మనిషి. అవి ఏమిటో ఎవరికీ చెప్పను, అంతమాత్రం నిజాయితీ నాకూ ఉంది.

చెట్టు మొదట్లో నీళ్లు పారబోసి వచ్చి గ్లాసు చాపింది. ఇంకో గ్లాసు ముంచి ఇచ్చాను. ఈసారి తాగేదాకా పక్కనే నిలబడ్డాను, మళ్లీ గుంజుకోకుండా చేతులు వెనక కట్టుకుని.