లోపటి దిక్కు ముడి

మూతి మీద ఉండాల్సిన మాస్కు గదవ కింద వేలాడుతోంది. సుతిలి తాడు కొసను పళ్ళ మధ్య బిగించి, తల వెనక్కి లాగి, పోచయ్య రెండో గుంజకు అడ్డకర్ర కడుతున్నాడు. రెండు చేతులూ కర్రను పట్టుకోవడానికే సరిపోతాయి కాబట్టి తాడు లాగడానికి నోరే దిక్కు. ఈ మాట వార్డు ఆఫీసు రంగనాథ్ సారుకు గల్లీకొకసారి చెప్పాల్సి వస్తోంది.

"మాస్క్ పైకి పెట్టుకో పోచయ్యా! బాల్కనీలకెళ్ళి ఫోటోలు తీస్తున్నరు. నా నౌకరీకి వస్తది."

"పెట్టుకుంటే ముడి ఎట్ల పడ్తది సార్?"

రంగనాథ్ మొహం అటు తిప్పుకున్నాడు. చూడకపోతే తప్పు జరగనట్టే అన్నది ఆయన ఈ కరోనా కాలంలో నేర్చుకున్న విద్య.

పోచయ్య పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి గుంజలు మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. అరచేతుల నిండా తాడు ఒరిసిన గీతలు. ఆఫీసువాళ్ళిచ్చిన పచ్చ జాకెట్టు మోకాళ్ళ దాకా వేలాడుతుంది. దాన్ని మొదటిరోజు చూసి భార్య సీతాబాయి "గౌను మంచిగుంది" అన్నది. అంతే, ఇంకేమీ అనలేదు. ఆమె అంత తక్కువ మాట్లాడిందంటే బాగా నవ్వొచ్చిందన్నమాట.

అసలు అతని పని పెళ్ళిళ్ళు. మదీనాగూడలో హైవే పక్కన ఈ బట్టల షాపులూ మాల్‌లూ లేవక ముందు నుంచీ అక్కడి టెంట్‌హౌస్‌లో పందిళ్ళు కడుతున్నాడు. తన పెళ్ళికీ తానే కట్టుకున్నాడు. ఆ పొద్దు రావలసిన కూలీ కల్లు తాగి పడిపోతే, పసుపు బట్టలతోనే గుంజ ఎక్కాడు. ఆడపిల్లవాళ్ళు వచ్చి పిల్లగాడేడీ అంటే అందరూ పైకి చూపించారు. సీతాబాయి ఈ కథ చెప్పని ఇల్లు మదీనాగూడలో లేదు.

కరోనా వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాక, టెంట్‌హౌస్ యజమాని కర్రలూ, సిమెంటు పోసిన నూనె డబ్బాలూ, పరదాలూ అన్నీ వార్డు ఆఫీసుకు కిరాయికిచ్చాడు. వాటితోపాటే పోచయ్యనూ ఇచ్చాడు. రోగం ఏ గల్లీలో వస్తే ఆ గల్లీకి అడ్డం కట్టాలి. చేతికి పడ్డ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎంత అడ్డం కట్టినా అది పెళ్ళి పందిరి ముఖద్వారంలాగే తయారయ్యేది. అటు పోయే కూరగాయల బండామె ఆగి మరీ అడిగేది, "ఎవరి పెండ్లి కాకా?" అని. పోచయ్యకు ముందు సంతోషమయ్యేది, తర్వాత సిగ్గయ్యేది.

ఈ రోజు మాత్రం ఏదీ కాలేదు. పొద్దున ట్రాలీలోంచి డబ్బాలు దింపుతూ "ఏ ఇల్లు సార్?" అని అడిగితే, రంగనాథ్ గల్లీ చివరి పసుపు మేడ చూపించాడు. సీతాబాయి వంట చేసే ఇల్లదే. ఇప్పుడు ఆమె లోపలే ఉంది.

ఆ మేడ కాలనీ సంఘం అధ్యక్షుడు భీమేశ్వరరావుగారిది. గోదావరి జిల్లా మనిషి, ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యి, భార్య అమ్మణ్ణమ్మతో ఉంటున్నాడు. నిన్న పరీక్ష చేయించుకున్నాడు, ఈ పొద్దున పాజిటివ్ అని ఫోనొచ్చింది. ఒంట్లో జ్వరమున్నా అధ్యక్ష పదవి ఇంకా ఉంది కాబట్టి, శాలువా కప్పుకుని మేడమీద బాల్కనీలో నిలబడి తన ఇంటికి కడుతున్న అడ్డాన్ని తానే పర్యవేక్షిస్తున్నాడు.

"కర్ర వంకరగా ఉందండీ! కుడివైపు ఒక జానెడు ఎత్తాలండీ!"

రంగనాథ్ పోచయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మీ ఆమె ఆ ఇంట్లనే పని చేస్తది గద? కట్టుడు అయ్యేలోపట బయటికి రమ్మను. ఒక్కసారి బంద్ అయితే పద్నాలుగు దినాలు ఇడిచిపెట్టరాదు. నేను చాయ్ తాగనీకె పోతున్న. నేనేం చూడలే."

పోచయ్య ఫోన్ చేశాడు. "పొయ్యి మీద పప్పున్నది" అని సీతాబాయి పెట్టేసింది. మళ్ళీ చేశాడు. "చారు గూడ పెట్టాలె" అన్నది. ఇక చేసేదేముంది, బతుకులో మొదటిసారి పోచయ్య పని మెల్లగా చేయడం మొదలుపెట్టాడు. ముడి వేసి, అది నచ్చనట్టు విప్పి, మళ్ళీ వేశాడు. ఆమె బయటికొచ్చేదాకా ఈ అడ్డం పూర్తికాకూడదు.

అదృష్టం బాగుండి కాలనీవాళ్ళు సాయానికొచ్చారు. ముందుగా రసజ్ఞ. గచ్చిబౌలి కంపెనీ ఉద్యోగాన్ని ఇంట్లోంచే చేస్తున్న అమ్మాయి. చెవిలో ఇయర్‌ఫోన్, చేతిలో తెరిచిన లాప్‌టాప్.

"అంకుల్, ఈ కర్ర మా గేటుకి అవతల పెట్టారేంటండీ? మేం లోపలికి వచ్చేశాం. డెలివరీవాళ్ళు రారు ఇంక. కొంచెం అటు జరపరూ?" అంది. వెంటనే లాప్‌టాప్ వైపు తిరిగి, "నో, నో, నాట్ యూ" అంది.

ఆమె యాప్‌లో ఫిర్యాదు పెట్టింది. రంగనాథ్ చాయ్ సగంలో వదిలేసి వచ్చాడు. ఫిర్యాదు వస్తే పని చేసి, ఫోటో పెట్టి, పరిష్కరించబడింది అని నొక్కాలి. గుంజలు రసజ్ఞ గేటుకు ఇవతలికి జరిగాయి. పోచయ్య మాస్కు పైకి లాక్కుని పక్కన నిలబడితే ఫోటో తీశారు.

ఫోటో ఎక్కిందో లేదో, ఎదురింటి రవికిరణ్ నిక్కరుతో పరుగెత్తుకొచ్చాడు. "కాకా, ఏంది గిట్ల చేసినవ్? సోమవారం నుంచి ఆఫీసుకు రమ్మంటున్నడు మా మేనేజర్. లోపట ఉన్ననని ఫోటో పెట్టిన ఆల్రెడీ. జర మా ఇల్లు లోపటికి తీస్కో కాకా, నీకు పుణ్యముంటది!"

ఇంకో ఫిర్యాదు. ఆమె బయటుండాలి, ఆయన లోపలుండాలి, ఇద్దరివీ ఎదురెదురు గేట్లు. రంగనాథ్ తల పట్టుకున్నాడు. పోచయ్య మాత్రం హాయిగా రోడ్డుకు ఐమూలగా కర్ర కట్టాడు. అటుపక్క రసజ్ఞ గేటు బయట, ఇటుపక్క రవికిరణ్ గేటు లోపల. ఫోటో తీశారు. రెండూ పరిష్కరించబడ్డాయి.

"ఐమూలగా కట్టే నిబంధన ఎక్కడుందండీ?" అని బాల్కనీ దగ్గింది.

అధ్యక్షుడి ఫిర్యాదూ నమోదైంది. ఈలోగా రవికిరణ్ భార్య కృష్ణప్రియ బయటికొచ్చి, ఇంట్లో పద్నాలుగు రోజులు ఈయనతో ఉండడం తన వల్ల కాదని, తమ గేటు కర్రకు బయటే ఉండాలని గట్టిగా చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఫిర్యాదులన్నీ పరిష్కారమైపోయాయి. గుంజలు పొద్దున ఎక్కడ మొదలయ్యాయో అక్కడే ఉన్నాయి. పోచయ్యకు ఇంత ముద్దొచ్చే కాలనీ ఇంకొకటి కనబడలేదు.

అప్పుడొచ్చింది సీతాబాయి. చీర కొంగు ముక్కు చుట్టూ బిగించుకుని, చేతిలో స్టీలు గిన్నెతో, కర్రకు పది అడుగుల అవతల ఆగింది. పోచయ్య ముడి వదిలేసి కర్ర పైకెత్తి పట్టుకున్నాడు. "రా, జల్ది రా. సార్ మల్ల చాయ్ తాగనీకె పోయిండు."

"నేను రాను. అన్నం తిను." గిన్నె కింద పెట్టి వెనక్కి జరిగింది.

"రావా? ఏందే, మతి పోయిందా?"

"మన రూము ఇల్లుగలాయన ఫోన్ చేసిండు. గా రోగం ఇంట్ల పని చేసినవు, రూము దిక్కు రావొద్దు అన్నడు. నల్లా అందరిది ఒక్కటే గద, ఆయన అనుడు గూడ తప్పు లేదు. ఇగ గా అమ్మణ్ణమ్మకు మోకాళ్ళు లెవ్వయి. పొయ్యి ముంగట నిలబడలేదు. నేనొస్తే ఆమె ఆయనకేం పెడ్తది?"

"నీకు షుగరున్నది."

"ఉన్నది. గోలీలు తెచ్చియ్యి. రెండు చీరలు గూడ తే."

"నీకేమన్న అయితే?"

"నోరు మంచిగ పెట్టు. తిన్నంక గిన్నె కడిగి ఆడనే పెట్టు" అని వెనక్కి తిరిగి పోయింది.

పోచయ్య కర్ర ఎత్తి పట్టుకునే నిలబడిపోయాడు. పోయిన వారం పక్క కాలనీలో ఒక పెద్దమనిషి కోసం అంబులెన్స్ వస్తే తనే ముడి విప్పాడు, అది పోయాక తనే కట్టాడు. ఆయన మళ్ళీ రాలేదు. ఆ ముడి తన చేతులకు గుర్తుంది. పోచయ్యకు భయం వేసింది, పెద్ద భయం. గిన్నెలోని పప్పన్నం తినబుద్ధి కాలేదు గానీ, వదిలేస్తే ఆమె తిడుతుందని మొత్తం తినేశాడు.

టెంట్‌హౌస్ మోపెడ్ వేసుకుని బస్తీకి పోయాడు. ఇల్లుగలాయన గేటు ముందు పసుపు నీళ్ళ బకెట్ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు రా పోచయ్యా, నీకు ఫికర్ లేదు. ఆమెనే జర పదిహేను దినాలు" అన్నాడు. పోచయ్య తల ఊపి లోపలికెళ్ళాడు. ఒక్క గది. పొయ్యి చల్లగా ఉంది. ఇంత నిశ్శబ్దంగా ఆ గది ఎప్పుడూ లేదు, ఆమె తిట్లు లేకపోతే రేడియో, రేడియో లేకపోతే తిట్లు. టెంట్‌హౌస్‌లో ఏ గుంజ ఏ మూలనుందో చీకట్లో చెప్పగలడు గానీ, సొంత గదిలో గోలీలు ఎక్కడుంటాయో తెలియలేదు. ఫోన్ చేయక తప్పలేదు.

"చాయ్‌పత్తి డబ్బా ఎనక."

"చాయ్‌పత్తి డబ్బా ఏది?"

"పద్నాలుగు దినాలు నువ్వెట్ల బతుకుతవయ్యా?" అన్నది సీతాబాయి. తిట్టినట్టు లేదు. పోచయ్యకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తిరిగొచ్చేసరికి రంగనాథ్ మండిపోతున్నాడు. పోచయ్య అటు పోగానే ఎవరో ముడి విప్పి, గుంజలను తమకు కావలసినచోటికి జరుపుకున్నారు. ఎవరని అడిగితే గల్లీ అంతా మీటింగులో ఉంది.

"ఇగ చాలు! పరదా కట్టు. ముడులన్నీ లోపటి దిక్కు ఎయ్యి. బయటోనికి చెయ్యి అందొద్దు. చీకటి పడేలోపట ఫోటో పెట్టాలె."

టెంట్‌హౌస్‌లో మిగిలిన పరదా ఒక్కటే, ఎరుపు మీద పసుపు పూలది, పెళ్ళిళ్ళది. బయటి నుంచి రంగనాథ్ పట్టుకుంటే, పోచయ్య చీరలూ గోలీలూ ఉన్న సంచి భుజానికి తగిలించుకుని లోపలికి దూరాడు. ఈసారి మెల్లగా చేయలేదు. ఒక్కొక్క గుంజకూ రెండేసి ముడులు, అడుగున డబ్బాకు ఒకటి, కుడి గోడ కొక్కేనికి ఒకటి, ఎడమ కరెంటు స్తంభానికి ఒకటి. ఎక్కడా వేలు దూరే సందు లేదు.

"అయ్యిందా?" అన్నాడు రంగనాథ్ బయటి నుంచి.

"అయ్యింది సార్."

"మరి నువ్వెట్ల బయటికొస్తవ్ రా?"

"రాను సార్."

రంగనాథ్‌కు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. "ఏయ్, పరేషాన్ చేయకు! రేపు మియాపూర్ దిక్కు ఇంకో రెండు గల్లీలున్నయి. ఎవడు కడ్తడు?"

"వీడియో కాల్ చేయుండ్రి సార్. ఎట్ల కట్టాల్నో చెప్త."

"నీ నౌకరీ పోతది పోచయ్యా!"

"పోతే పోనీ సార్. పెండ్లిళ్ళు మల్ల షురూ అయితయి. ఆమె ఒక్కతే లోపటుంటే నాకు బయట బుద్ధి ఆగది."

బాల్కనీలో శాలువా కదిలింది. "రంగనాథ్‌గారూ! బయటి మనిషి లోపలికొచ్చేశాడండీ! కంటైన్‌మెంట్ జోన్‌లోకి కొత్తవాళ్ళని రానివ్వడం నిబంధనలకి విరుద్ధం కాదాండీ?"

లోపలి నుంచి అమ్మణ్ణమ్మ గొంతు వచ్చింది. "మీరు ముందు లోపలికి రండి, చలిగాలి. ఆయన మీ జోన్‌లోకి రాలేదు, పెళ్ళాం దగ్గరికొచ్చాడు. కింద కారు షెడ్డు ఖాళీయే కదా."

గేటు చప్పుడైంది. సీతాబాయి పరుగులాంటి నడకతో వచ్చి, సంచి లాక్కుని, విప్పి చూసింది.

"చీరలు మూడు తెచ్చినవు, గోలీలు తెచ్చినవు. నీ లుంగీ ఏది?"

పోచయ్య సంచిలోకి తొంగి చూశాడు.

"నిన్నెవడు రమ్మన్నడు? ఆ సార్ పంచె కట్టుకుని తిరుగుతవా పద్నాలుగు దినాలు? ఇంత వయసొచ్చింది, ఒక్క పని బుద్ధితో చేస్తవా?" అంటూ కొంగు ముక్కు మీది నుంచి కళ్ళ మీదికి జరుపుకుంది. "రా. చాయ్ పెట్టిన."

పరదాకు ఇవతల రంగనాథ్ ఒక్కడే మిగిలాడు. కోపంలో కూడా ఫోటో తీసి, పరిష్కరించబడింది అని నొక్కాడు. ఫోటోలో గల్లీ చక్కగా కనబడింది, ఎర్ర పరదా, పసుపు పూలు, అన్నీ. అప్పుడు చూశాడు కింద. లోపలికి దూరే ముందు పోచయ్య విడిచిన రబ్బరు చెప్పులు పరదా బయటే ఉండిపోయాయి, ఒకటి బోర్లా పడి ఉంది. చెప్పు బోర్లా పడితే ఇంట్లో గొడవంటారు కదా అని రంగనాథ్ కాలితో తిరగెయ్యబోయాడు. లోపల సీతాబాయి గొంతు అప్పటికే గల్లీ చివరిదాకా వినబడుతోంది. ఇంక లాభం లేదనుకుని కాలు వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు ఊడ్వడానికొచ్చిన ఆమె చెప్పుల చుట్టూ ఊడ్చి వదిలేసింది, అడిగితే జోన్ సామాను ముట్టనన్నది. ఆ సాయంత్రం వాన పడింది. వెల్లకిలా ఉన్న చెప్పులో కొంచెం నీళ్ళు నిలిచాయి, రెండోది అలాగే బోర్లా ఉంది.