జీపుకి కుడి ఏది?

పెళ్లికి అందరూ మిక్సీలూ గోడ గడియారాలూ ఇస్తే మా మేనత్త జీపు ఇచ్చింది. సర్వేయర్ ఉద్యోగంలో ఇరవై రెండేళ్లు ఆవిణ్ణి కొండలెక్కించి దింపిన బండి. వెనక సామాను తొట్టి, లోపల రెండు గేరు కర్రలు. పెద్దది మామూలు గేరు, చిన్నది నాలుగు చక్రాలకీ ఒకేసారి బలం ఇచ్చేది. తలుపు పడాలంటే ఒకసారి బుజ్జగించినట్టు లాగాలి, ఇంకోసారి తిట్టినట్టు లాగాలి.

"నడిపితేనే నీది. అమ్మితే మాత్రం నాతో మాట్లాడకు," అంది మేనత్త తాళంచెవి నా చేతిలో పెట్టి.

పెళ్లై నలభై రోజులే కాబట్టి నాకప్పుడు కనిపించినవన్నీ ముద్దొచ్చేవి. మా ఆయన లెక్కల మాస్టారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఓ సుద్దముక్క ఉంటుంది, అదీ ముద్దే. అత్తయ్య టైలరు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. సూదులు నోట్లో ఉండగానే తిట్టగలరు. అదీ ముద్దే.

ఆ జీపు మీద ఆధారపడి నాకో ఉద్యోగం ఉంది. ఊరి బయట కొండల మీద పన్నెండు చోట్ల వాన కొలిచే పెట్టెలున్నాయి. వారానికోసారి అన్నిటికీ వెళ్లి, లెక్క రాసుకుని, వాటిల్లో పడ్డ ఆకులూ పురుగులూ తీసి రావాలి. కెమిస్ట్రీ చదివి రెండేళ్లు అప్లికేషన్లు పెట్టి పెట్టి, నాకు నచ్చిన పని దొరికింది ఇదొక్కటే. షరతు కూడా ఒక్కటే, సొంత ఫోర్ వీల్ బండి ఉండాలి. సోమవారం తొమ్మిదింటికి ఇంజినీరమ్మగారు నా జీపులో కూర్చుని కొండెక్కి దిగుతారు. బండి బాగుంటే ఉద్యోగం నాది. లేకపోతే పదకొండింటికి కొత్త బండితో ఇంకొకాయన వస్తాడు.

గురువారం సాయంత్రం సందు మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ నేలకి అంటుకుపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, ఇసుక కుప్పలోకి తిప్పి ఆపాను. దిగి చూస్తే ముందు చక్రాలు రెండింటికీ లోపలివైపు నూనె చారలు.

నేనూ మా ఆయనా జీపుని ఇంటి ముందుకి తోసి, మెకానిక్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన్ని ఊళ్లో అందరూ "రేపు మేస్త్రీ" అంటారు. ఎందుకో వెళ్లాక తెలిసింది.

"సీళ్లు పోయాయమ్మా. రేపు చూద్దాం," అన్నాడు.

"రేపు తప్పకుండా?"

"రేపు చూసి, ఎప్పుడో చెప్తా."

ఇంటికి తిరిగొచ్చాం. గేటు దగ్గర అన్నాను, "మనమే చేద్దాం."

"మనమా? నాకు సైకిల్ చైను వేయడమే సరిగ్గా రాదు," అన్నారు మా ఆయన.

"మీ బడికి సెలవులు. నాకు చేతులున్నాయి. మేనత్తకి ఫోనుంది. ఇంకేం కావాలి?"

"ధైర్యం," అన్నారు.

"అది నా దగ్గర ఇద్దరికీ సరిపడా ఉంది."

శుక్రవారం పొద్దున్నే సీలు కిట్టు, బ్రేకు నూనె కొనుక్కొచ్చి, జీపు ముందుభాగాన్ని జాకీతో లేపి, కింద ఇనప స్టాండ్లు పెట్టి చక్రాలు విప్పేశాం. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేన్ని రెండువైపుల నుంచీ నొక్కి ఆపేది కాలిపర్. లోపల డబ్బా మూతంత పిస్టన్, దాని చుట్టూ రబ్బరు సీలు. ఆ సీలే అరిగిపోయింది.

"పైపు విప్పకముందే పెడల్ తొక్కించు. పిస్టన్ దానంతటదే బయటికొస్తుంది. మొహం మాత్రం పక్కన పెట్టుకో," అంది ఫోన్లో మేనత్త.

నేను పక్కన పెట్టుకున్నాను. చివర్లో ఇరుక్కున్నదాన్ని లాగుదామని పెడల్ వదిలి వచ్చిన మా ఆయన పెట్టుకోలేదు. ముక్కు మీంచి నూనె కారుతుంటే ఆయన అలాగే నిలబడి, "వచ్చింది!" అన్నారు. నేను అదే గుడ్డతో ఆయన ముక్కూ పిస్టనూ తుడిచాను. తుడిచేకొద్దీ పిస్టన్ అద్దంలా మెరిసింది. ముక్కు మాత్రం మూడు రోజులు నల్లగానే ఉంది.

నేను ఒక్కొక్కటీ విప్పి అందిస్తుంటే ఆయన జీపు ఎదురుగా స్టూలేసుకుని కూర్చుని, రెండు స్టీలు పళ్లేల్లో పెట్టి చీటీలు రాశారు. ఒకదాని మీద "కుడి", ఇంకోదాని మీద "ఎడమ". గుండ్రటి అక్షరాలు, కింద గీత కూడా. లెక్కల మాస్టార్ని చేసుకున్నందుకు నాకెంత గర్వంగా అనిపించిందో! శనివారం మధ్యాహ్నానికి తుప్పు గీకి, కొత్త సీళ్లు వేసి, ఏ పళ్లెంలోది ఆ పక్క బిగించేశాను. బోల్టులు వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.

ఇక మిగిలింది గాలి తీయడం. పైపుల్లో నూనె మధ్య గాలి బుడగ ఉంటే బ్రేకు పట్టదు. అందుకు ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. రెండోవాళ్లు కాలిపర్‌కి ఉండే చిన్న స్క్రూ కొంచెం వదులు చేస్తే, నూనెతో పాటు బుడగలు సన్న గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి. స్క్రూ మళ్లీ బిగించేదాకా కాలు తీయకూడదు. తీస్తే గాలి వెనక్కి పీల్చేసుకుంటుంది.

మొదటి బుడగలు వచ్చినప్పుడు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. పానా నా బొటనవేలి మీద పడింది. ఆ కంగారులో మా ఆయన కాలు కదిలింది.

"వదలకురా!" అని అరిచాను.

మేమిద్దరమే ఉంటే "నువ్వు", అత్తయ్య ఉంటే "మీరు" అనేది మా ఒప్పందం. "రా" ఏ ఒప్పందంలోనూ లేదు. కిటికీ వెనక కుట్టు మిషను ఆగిపోయింది.

"ఎవర్నమ్మా రా అంటున్నావు? మావాణ్ణా, జీపునా?" అన్నారు అత్తయ్య.

"జీపుని అత్తయ్యా."

"అలాగా. జీపు మంచిది, మాట వింటుంది. వీడికి ముప్పై ఏళ్లుగా చెప్తున్నా, ఒక్కటీ వినడు." మిషను మళ్లీ మొదలైంది.

జీపు కూడా మాట వినలేదు. శనివారం చీకటి పడేదాకా తొక్కాం. ఆదివారం పొద్దున మళ్లీ తొక్కాం. రెండు డబ్బాల నూనె అయిపోయింది. గొట్టంలో బుడగలు రావడం ఎప్పుడో ఆగిపోయింది కానీ పెడల్ మాత్రం దూది దిండు తొక్కినట్టే ఉంది. ప్రతి పైపూ తడిమాను, ప్రతి నట్టూ బిగించి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క కారడం లేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి మా ఆయన జీపు దిగి, కుడి మోకాలు పట్టుకుని మెట్టు మీద కూలబడ్డారు.

"ఇంజినీరమ్మగారికి ఫోన్ చేసి ఒక్క వారం అడుగుదాం. తప్పేముంది?" అన్నారు మెల్లిగా.

"వారం అడిగితే పదకొండింటాయన కొండెక్కేస్తాడు."

"ఇలాంటి బ్రేకుతో నిన్ను మాత్రం ఎక్కనివ్వను."

"నేను మాత్రం ఎక్కుతానన్నానా? ఇవాళ ఇంకా ఆరు గంటల వెలుతురుంది. మళ్లీ మొదట్నుంచి చూస్తాను." చటుక్కున బండి కిందకి దూరిపోయాను. అక్కడైతే మొహం ఎవరికీ కనబడదు.

అత్తయ్య టీ పట్టుకుని వచ్చారు. నా కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి కాబట్టి కాళ్లతోనే మాట్లాడారు. "విప్పినవన్నీ ఎక్కడివక్కడే పెట్టారా?"

"చీటీలు రాశానమ్మా. కుడిది కుడికి, ఎడమది ఎడమకి," అన్నారు మా ఆయన కొంచెం రోషంగా.

"ఎవరి కుడి?"

"ఎవరి కుడేంటి, కుడి కుడే కదా."

"నువ్వు ఎక్కడ కూర్చుని రాశావురా?"

"ఇక్కడే, స్టూలు మీద."

"జీపుకి ఎదురుగా. అంటే అది నీ కుడి. నేను పని నేర్చుకునే రోజుల్లో బ్యాండు మేస్త్రీకి ఎదురుగా నిలబడి కొలతలు తీసుకుని, నా ఎడమవైపు చూసుకుని జేబు కుట్టేశాను. ఆయన ఊరేగింపులో రుమాలు కోసం గుండెంతా తడుముకున్నాడు. ఆ రోజు మా గురువుగారు చెప్పారు, కుట్టేవాళ్ల కుడి కాదే, తొడుక్కునేవాళ్ల కుడి అని."

బండి కింద నాకప్పుడు వెలిగింది. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు ఊహించుకుని కుడిదాన్ని కుడికి బిగించాను. ఆయన నల్లబల్లకి ఎదురుగా నిలబడ్డట్టు చూసుకుని చీటీ రాశారు. కాలిపర్లు రెండూ కవలపిల్లల్లా ఉంటాయి, ఎటు పెట్టినా బోల్టులు కుదిరిపోతాయి. పాకి వెళ్లి కుడి చక్రం దగ్గర చూశాను. గాలి తీసే స్క్రూ కింద ఉంది. ఎడమవైపు చూశాను. అక్కడా కిందే. నేను దాన్ని విప్పి నూనె కారుస్తున్నాను, గాలేమో పైన హాయిగా కూర్చుంది. గాలి పైకి పోతుందని చెప్పడానికి డిగ్రీలెందుకు?

కిందే పడుకుని నవ్వడం మొదలుపెట్టాను. ఆపలేకపోయాను.

"ఏడుస్తోందా?" అన్నారు మా ఆయన భయంగా.

"నవ్వుతోంది. నువ్వు ముందు పానా అందుకో," అన్నారు అత్తయ్య.

మళ్లీ అంతా విప్పాం. ఈసారి చీటీలు లేవు. అత్తయ్య రెండు రంగుల దారాలు తెచ్చి, డ్రైవరు పక్కదానికి ఎరుపు, అవతలిదానికి పసుపు కట్టారు. బోల్టులు పడ్డాక తెంపేశాం. మూడున్నరకల్లా రెండు స్క్రూలూ పైన ఉన్నాయి. మా ఆయన మోకాలు మొరాయిస్తే అత్తయ్యే చీర కుచ్చిళ్లు దోపుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కారు.

"ముప్పై ఏళ్లు మిషను తొక్కిన కాలు ఇది. చెప్పు," అన్నారు.

స్క్రూ వదులు చేశాను. సీసాలో సోడా పొంగినట్టు బుడగలు, తుస్సుమంటూ ఒకటే బుడగలు! బిగించాను. మళ్లీ తొక్కారు. ఐదోసారి సన్నగా, మెరుస్తూ, ఒక్క బుడగ కూడా లేని నూనె. అత్తయ్య కాలు సగంలోనే ఆగిపోయింది.

"ఇదేంటే, రాయిలా అయిపోయింది? పాడైపోయిందా?"

"బాగైపోయింది అత్తయ్యా!" అని నూనె చేతులతోనే వెళ్లి ఆవిణ్ణి వాటేసుకున్నాను. జాకెట్టు మీద ఐదు వేళ్లూ పడ్డాయి. దానికి తిట్లు విడిగా తిన్నాను.

ఎదురింటి వెనక ఖాళీ స్థలంలో మొదట నడక వేగంతో ఒకటే తిరగడం, ఆపడం. తర్వాత కొంచెం వేగంగా. ఇరవైసార్లు ఆపాను, ఇరవైసార్లూ ఆగింది. ప్రతిసారీ దిగి చక్రాల లోపల కాగితం రుద్ది చూశాను. పొడిగానే ఉంది. కాగితాలన్నీ మా ఆయన లెక్కపెట్టి జేబులో దాచుకున్నారు, ఎందుకో అడగలేదు.

సోమవారం తొమ్మిదింటికి ఇంజినీరమ్మగారు వచ్చారు. పొట్టిగా, కళ్లజోడుతో, మాట పొదుపుగా ఉన్నారు. తలుపు ఎలా వేయాలో చెప్పాను, రెండోసారికి వేశారు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. చిన్న గేరు కర్ర వేయగానే జీపు మేకలా రాళ్లెక్కేసింది. పైన మొదటి వాన పెట్టె చూపించి, లెక్క ఎలా రాయాలో చెప్పారు. దిగడం మొదలుపెట్టాం. ఒక పక్క బండ, ఇంకో పక్క ఏమీ లేదు. మలుపు ముందు, బాగా వాలుగా ఉన్నచోట, ఆవిడ ఉన్నట్టుండి అన్నారు.

"ఇక్కడ ఆపండి."

తొక్కాను. చక్రాల కింద కంకర ఒకసారి కిర్రుమంది. జీపు ఆగింది. నేను కాలు తీయలేదు. ఆవిడ తలుపు పట్టుకున్న చెయ్యి వదిలి, పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

"బ్రేకులు కొత్తగా చేయించినట్టున్నారు. ఎవరు చేశారు?"

ఏదో ఒక మేస్త్రీ పేరు చెబితే సరిపోయేది. ఇంట్లో చేసుకున్నవంటే భయపడి దిగిపోతారేమో. కానీ ఎలాగూ వారం వారం ఈ బండిలోనే తిరగాలి.

"మేమే చేసుకున్నామండి. నేనూ, మా ఆయనా, మా అత్తయ్యా. మొదట తప్పు చేశాం. రెండు కాలిపర్లూ అటుదిటూ ఇటుదటూ బిగించాం. గాలి పోలేదు. మళ్లీ విప్పి సరిచేశాం."

"తప్పని ఎలా తెలిసింది?"

బ్యాండు మేస్త్రీ జేబుతో సహా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, బహుశా అదే నవ్వేమో.

"ఇదివరకు చేసినాయన దగ్గర మంచి బండి ఉండేది," అన్నారు. "తొమ్మిదో పెట్టె దగ్గర ఆగిపోతే, ఎవరైనా వస్తారని రెండు రోజులు కూర్చున్నాడు. అక్కడికి ఎవరూ రారు." సంచిలోంచి తాళాల గుత్తి తీసి మా ఇద్దరి మధ్యా సీటు మీద పెట్టారు. పన్నెండు చిన్న తాళంచెవులు. "పదకొండింటాయనకి నేను ఫోన్ చేస్తాను. మీరు పోనివ్వండి. ఇవాళే ఇంకో మూడు చూపిస్తాను."

ఇంట్లోవాళ్లకి చెప్పాలని ఫోను తీశాను. సిగ్నల్ లేదు. ఉండబట్టలేక హారన్ గట్టిగా కొట్టాను, రెండుసార్లు. ఎదురుగా మనిషి కాదు కదా పిట్ట కూడా లేదు.

"ఎవరికండీ?" అన్నారు ఇంజినీరమ్మగారు, దారి పొడవునా వెతుకుతూ.

"ఎవరికీ కాదు మేడం," అని మొదటి గేరు వేసి, పెడల్ మీంచి మెల్లిగా కాలు తీశాను.